పది సెకన్ల మరుపు

దిగువ రేగడిపల్లె, రాజంపేట దగ్గర
2024 జూన్ 9

ఉరుకుందూ,

నువ్వు బాగానే ఉన్నావని అమ్మ చెప్పింది కాబట్టి ఆ ముక్క అడగను. ఫోన్ చేయకుండా ఇంత పొడుగు మెయిల్ ఎందుకంటావా? ఫోన్‌లో మనిద్దరికీ మూడో మాటకే చెడుతుంది. రాస్తే కనీసం నేను చెప్పేది అడ్డం రాకుండా చివరిదాకా వింటావు.

కల్లూరులో నీ గృహప్రవేశం నాడు జరిగింది మీ బావ మరిచిపోలేదు, నేనూ మరిచిపోలేదు. అడగకపోయినా ముందుగా వచ్చి ఇన్వర్టర్ వైరింగ్ ఆయన చేసిపెట్టాడు. తప్పుంటే పక్కకు పిలిచి చెప్పొచ్చు. బంతి భోజనాల దగ్గర, మా అత్తగారి తరఫు వాళ్లందరూ వింటుండగా, "బావా, ఇదంతా మళ్ల ఇప్పాల, ఇట్ల పెడితే ఇల్లు కాలిపోతాది" అన్నావు. నిజమే కావచ్చు. నిజమైనంత మాత్రాన అట్లా అంటారా? అప్పటినుంచి ఆయన ఈ ఇంట్లో నీ పేరెత్తలేదు.

అయినా ఇప్పుడు నీతో పని పడింది. మూలవంక ప్రాజెక్టు గేట్లు ఎత్తే ముందు కింది ఊళ్లకు వినపడేలా హూటర్లు పెట్టే పని మీ బావ కంపెనీ చేస్తోంది గదా. కంట్రోల్ రూంలో మీట నొక్కితే ఊరూరా స్తంభం మీద కూత రావాలి. మధ్యలో ఉండే పెట్టెల్లో నడిచే సాఫ్ట్‌వేర్‌లో ఏదో తప్పుందని ఆయనే కనిపెట్టి, సరిచేసి, ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ల మెయిలింగ్ లిస్టుకు పంపాడు. వారాలు గడిచాయి, ఒక్కరూ పలకలేదు. తెలిసినవాళ్లు ఎవరో ఒకరు చూసి, సరిగ్గా ఉందని తమ పేరు పెడితే తప్ప దాన్ని లోపలికి తీసుకోరట. ఆ భాగం చూసేవాళ్లలో నీ పేరుండటం నేను ఆయన స్క్రీన్ మీద చూశాను. ఆయన నాకు చెప్పలేదు. నిన్ను అడగమని కూడా అనలేదు, చచ్చినా అనడు.

నాకెందుకింత ఆత్రమంటే, మా బడిలో మధ్యాహ్న భోజనం వండే సోమక్క ఉంది. వంక ఒడ్డునే గుడిసె, పక్కనే మేకల దొడ్డి. వేరే జాగా లేదు వాళ్లకు. కాస్త మబ్బు పడితే చాలు, మేకలన్నిటినీ తోలుకుని మొగుడూ పెళ్లామూ బడి వరండాలోకి వచ్చి పడుకుంటారు. తెల్లారి వరండా నిండా పెంటికలు, హెడ్మాస్టరు చిందులు. "ఆ కూత ఎప్పుడు పెడతారు మేడమ్? కూత ఉంటే మాకీ తిప్పలుండవు గదా" అని ఆమె రోజూ నన్నడుగుతుంది, ఇంజనీరు పెళ్లాన్నని.

చూసిపెట్టు. చూశానని రాయి.

మీ అక్క
స్వర్ణ


కల్లూరు, కర్నూలు
2024 జూన్ 16

అక్కా,

తిట్లు అందాయి. ఒక్కటి మాత్రం సరిచేస్తాను. ఇల్లు కాలిపోతుందని నేను అనలేదు, వైరు కాలిపోతుందన్నాను. వెంటనే నువ్వు "ఇదిగో, వీడింతే" అంటావని తెలుసు.

బావ పంపినది చూశాను, ఇంకా చూస్తున్నాను. ఆయన పట్టుకున్న తప్పు నిజమైన తప్పే. ఇన్నేళ్లుగా అందరూ వాడుతున్నారు, ఎవరికీ కనపడలేదు. ఈ మాట ఆయనకు చెప్పు.

నువ్వు లెక్కల టీచరువి కాబట్టి నీకు అర్థమయ్యేట్టు చెబుతాను. ఆ పెట్టెలో నడిచేదాన్ని బ్రిడ్జ్ అంటారు. ఊరి మొగదల అరుగు మీద కూర్చునే ముసలాయన అనుకో. ఫలానావాడు ఏ సందులోంచి వచ్చాడో చూసి గుర్తుపెట్టుకుంటాడు, ఎవరైనా వాణ్ని అడిగితే ఆ సందులోకే పంపిస్తాడు. మీ హూటర్ స్తంభాలకు రెండు దారులున్నాయి గదా, కొండ మీది టవర్ నుంచి ఒకటి, కాలువ గట్టు మీదుగా ఒకటి. ఏ స్తంభం మాట చివరగా ఏ దారిలో వినపడిందో బ్రిడ్జ్ గుర్తుపెట్టుకుంటుంది. మనం పెట్టిన గడువు లోపల ఆ స్తంభం మళ్లీ మాట్లాడకపోతే మరిచిపోతుంది. మరిచిపోయాక దానికేదైనా పంపాల్సి వస్తే రెండు దారుల్లోనూ పంపుతుంది. అంటే మరుపు మంచిదే. ఒక దారి తెగిపోయినప్పుడు, తెగిన దారినే పట్టుకుని కూర్చుంటే ప్రమాదం. మీ స్తంభాలు బ్యాటరీ ఆదా కోసం తమంతట తాము మాట్లాడవు కాబట్టి బావ గడువు బాగా తగ్గించాలనుకున్నాడు. తగ్గిస్తే స్క్రీన్ సరేనంది, లోపలున్న చిప్ మాత్రం వినలేదు. ఆ అబద్ధాన్ని ఆయన పట్టుకున్నాడు.

పేరు పెట్టడం సంగతి. అది పెళ్లి పత్రిక మీద పేరు వేయించుకోవడం లాంటిది కాదు. నేను చూశాను, దీనికి నాదీ పూచీ అని చెప్పడం. నా పేరు చూసి ఎవరెవరో, ఎక్కడెక్కడో నమ్మి పెట్టుకుంటారు. అందుకే నిదానం.

ఇంకోటి. తప్పు కనపడితే లిస్టులోనే రాయాలి, ప్రపంచమంతా చదువుతుంది. బావ రాసినదాంట్లో తప్పు కనపడితే నేనేం చేయాలో నువ్వే చెప్పు.

నీ తమ్ముడు


దిగువ రేగడిపల్లె
2024 జూలై 7

ఉరుకుందూ,

చూడడం అవ్వకముందే తప్పు కనపడితే అంటావేం? అంటే వెతుకుతున్నావన్నమాట.

మీ బావ రోజూ ఇంటికి రాగానే చొక్కా విప్పకుండా ఆ లిస్టు తెరిచి చూస్తాడు. ఏమీ ఉండదు. నిన్న సాయంత్రం అననే అన్నాడు. "మీ తమ్ముడు కావాల్నే నానబెడతాండాడు. నా పని నలుగురు మెచ్చుకుంటే ఆయప్పకు నిద్ర పట్టదు" అని. నేను నిన్ను వెనకేసుకొచ్చాను. వెనకేసుకొచ్చినందుకు నాకు తిట్లు పడ్డాయి. నీకూ ఆయనకూ మధ్య నేను రోకటి కింద వడ్ల మాదిరి నలుగుతున్నాను, మీ ఇద్దరికీ పట్టదు.

ఆ హూటర్లను మొన్న ఒకసారి మోగించి చూశారు. ఎండ కాస్తుండగా అయిదు ఊళ్లలోనూ చక్కగా కూశాయి. పిల్లలు చెవులు మూసుకుని కేకలు. సోమక్క మేకలు బెదిరి చెల్లాచెదురైపోతే పదో తరగతి వాళ్లందరినీ పంపించి పట్టించాను. ఆమె మాత్రం నవ్వుతూనే ఉంది. "కూత గట్టిగుండాది మేడమ్, సచ్చినోడు గూడా లేస్తాడు" అంది. కానీ ప్రాజెక్టు ఆఫీసు వాళ్లు, దిద్దుబాటుకు ఆమోదం పడి పెట్టెల్లో ఎక్కిస్తే గానీ లెక్కలోకి తీసుకోబోమన్నారట. మా వైపు పెద్ద వానలు కార్తీకంలో గదా. ఇంకా టైం ఉందని నువ్వు కూర్చుంటే వాన కూర్చోదు.

నువ్వడిగినదానికి జవాబు. తప్పు కనపడితే నాకు రాయి. మంచి మూడ్ చూసి నేను చెబుతాను. నా నోటితో చెబితే పడుతుంది. నువ్వు ఆ లిస్టులో మాత్రం ఏమీ రాయొద్దు, నీకు దండం పెడతాను. ఇంకోసారి అందరి ముందూ అయితే ఈ ఇంట్లో నేను బతకలేను.

స్వర్ణ


కల్లూరు
2024 జూలై 21

అక్కా,

నిన్న రాత్రంతా అమ్మ నాకు క్లాసు పీకింది, నువ్వే ఎక్కించి ఉంటావు. "అల్లుడప్పా ఆయన. నీ ఆఫీసులో పనిచేసేటోడు గాదు. నలుగుర్లో ఇంగొకసారి అన్యావంటే మీ అక్క మొగం యాడ పెట్టుకుంటాది?" అంది. లిస్టులో ఏమీ రాయను. నీకే రాస్తున్నాను.

బావ పని బాగుంది. శుభ్రంగా రాశాడు. చిన్న మార్పు ఒకటి కావాలి, పెద్దదేం కాదు.

ఆ చిప్‌కు సెకన్లు తెలియవు. పదిహేను సెకన్లను ఒకటిగా లెక్కపెడుతుంది. ముప్పై ఇస్తే రెండు, పదిహేను ఇస్తే ఒకటి. బావ కోడ్ మనమిచ్చిన సెకన్లను పదిహేనుతో భాగించి, శేషం వదిలేసి చిప్‌కు ఇస్తుంది. మరి పది సెకన్లు ఇస్తే? భాగఫలం సున్నా. ఆ చిప్‌కు సున్నా ఇస్తే ఎప్పటికీ మరిచిపోవద్దని అర్థం. త్వరగా మరిచిపోవాలని పది పెడితే, అది జన్మలో మరిచిపోదు. కాబట్టి పదిహేనుకన్నా తక్కువ ఎవరైనా ఇస్తే, కుదరదని తిప్పికొట్టాలి. రెండు లైన్ల పని. నీ తొమ్మిదో తరగతి వాళ్లు కూడా పట్టేస్తారు.

ఇది చేసి, కింద నా పేరు పెట్టుకోమను. నేను చూశానని రాసుకోమను. ఎవరైనా నన్నడిగితే అవునంటాను. నేను చెప్పినట్టు కాకుండా నువ్వే మాటల్లో ఎక్కడో తగిలించి చెప్పు, ఆయనకే తట్టినట్టుగా. ఆ విద్య నీకు బాగా వచ్చు.

అమ్మ మోకాలు పర్లేదు. రాగి సంకటి చేయమని రోజూ పోరు.

ఉరుకుందు


దిగువ రేగడిపల్లె
2024 ఆగస్టు 4

ఒరే బంగారుకొండా,

నీ మెయిల్ వచ్చినప్పుడు ఆయన అన్నం తింటున్నాడు. "ఉరుకుందు సూసినాడంట. బాగుండాదంట. పేరు పెట్టుకోమన్యాడు" అన్నాను. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "మీ తమ్ముని నోట్లోంచి బాగుండాదనే మాట వచ్చిందా?" అని నవ్వాడు. నీ పేరు చెబితే ఆయన నవ్వడం గృహప్రవేశం తర్వాత ఇదే మొదలు. ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. చెప్పాల్సింది చెప్పాను, నువ్వింక నిశ్చింతగా ఉండు.

మర్నాడే నీ పేరు పెట్టి మళ్లీ పంపాడు. దసరాకు మీ ఇంటికి వద్దామని తనంతట తానే అన్నాడు.

సోమక్కకు కూడా చెప్పాను. "మేడమ్, ఈ కూత నమ్ముకోవచ్చా? వానలో గూడా కూస్తాదా?" అని అడిగింది. "మా తమ్ముడు కర్నూల్లో ఇట్లాంటివే చూస్తాడు, వాడే స్వయంగా చూసి పేరు పెట్టినాడు. వానితో ఒప్పించుకోవడం అంత సులభం కాదు" అన్నాను. నిజమే గదా. నువ్వు ఒప్పుకున్నావంటే ఇంక తిరుగులేదని నాకు తెలుసు. ఆమె చేతులు తుడుచుకుని, కర్నూలు దిక్కు చూసి నీకొక దండం పెట్టింది. నాకు నవ్వొచ్చింది.

సంకటి మెత్తగా చేయమని చెప్పు, అమ్మకు పళ్లు సరిగా లేవు.

స్వర్ణ


కల్లూరు
2024 సెప్టెంబర్ 15

అక్కా,

బావ దిద్దుబాటు లోపలికి పోయింది. ఇంకో నెలలో అందరి చేతుల్లోకీ వస్తుంది. లిస్టును నడిపే పెద్దాయన ఒకసారి నన్నడిగాడు, దీని కింద ఉన్నది నీ పేరేనా, లిస్టులో నీ మెయిల్ కనపడలేదే అని. అవును, నాదే, విడిగా చూశానని రాశాను. ఆయన సరేనన్నాడు.

బావ మళ్లీ పంపినదాన్ని ఒకసారి తెరిచి చూద్దామనుకున్నాను. ఆఫీసులో ఈ నెలంతా తల తిప్పుకోలేని పని. పైగా తెరిచి చూస్తే ఆయన్ను నమ్మనట్టు ఉంటుంది. నువ్వు చెప్పానన్నావు, ఆయన చేసే ఉంటాడు. కొత్తగా కలిసిన మనసుల్లో మళ్లీ గుచ్చడం ఎందుకని ఊరుకున్నాను.

దసరాకు రండి. గండికోట పోదామని అమ్మ అడుగుతోంది, మోకాళ్లు పట్టుకుని ఎక్కడ ఎక్కుతుందో మరి. బావకు నా నమస్కారాలు చెప్పు.

ఉరుకుందు


దిగువ రేగడిపల్లె
2024 నవంబర్ 12

ఉరుకుందూ,

దసరాకు రాలేకపోయామని అలగొద్దు. మీ బావకు పెట్టెల్లో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే పనితోనే సరిపోయింది. ఇప్పుడు ఆయన నడక చూడాలి నువ్వు, ప్రాజెక్టు ఇంజనీర్లు కుర్చీ వేసి కూర్చోబెడుతున్నారట.

ఇక్కడ వాన పట్టుకుంది. వాయుగుండమంట, రేపు ఇంకా ఎక్కువట. రేపటికి బడికి సెలవిచ్చేశారు. పోయిన ఏడాదైతే ఈపాటికి వరండా నిండా మేకలుండేవి. ఈసారి సోమక్క రాలేదు. మధ్యాహ్నం గొడుగేసుకుని పోయి నేనే పిలిచాను. "కూత ఉండాది గదా మేడమ్. కూస్తే అప్పుడు వస్తాం. ఆ హెడ్మాస్టరు తిట్లు ఏంటికి?" అంది. గుడిసె చుట్టూ మట్టికట్ట వేసుకుంది. వంకలో నీళ్లు ఎర్రగా పోతున్నాయి, ఇంకా గుడిసెకు చాలా కిందే ఉన్నాయిలే.

మీ బావ కంట్రోల్ రూంలోనే ఉన్నాడు. ఈ గాలికి దారులు తెగినా భయం లేదంటున్నాడు. గడువు పది సెకన్లు పెట్టాడట. స్క్రీన్ మీద పది అని చక్కగా పడిందంట, ఏ తప్పూ చూపలేదంట. వాన ఇంకా పెరిగితే అయిదుకు తగ్గిస్తానన్నాడు. ఎంత తక్కువైతే అంత మంచిదంట గదా, నువ్వే రాశావు మరుపు మంచిదని.

కరెంటు పోయేట్టుంది, ఆపుతున్నా. అమ్మను బయట తిరగనీయొద్దు.

స్వర్ణ


కల్లూరు
2024 నవంబర్ 12

అక్కా,

ఇప్పుడే నీ మెయిల్ చూశాను. పది పెడితే తీసుకుందా? తీసుకోకూడదు. నేను జూలైలో చెప్పిన మార్పు చేసి ఉంటే పది సెకన్లు కుదరదని తిప్పికొట్టాలి. బావ పంపినది ఇప్పుడు తెరిచి చూశాను. ఆ రెండు లైన్లు లేవు. పాతదే ఉంది, కింద నా పేరుంది.

ఆ పెట్టెలు ఇప్పుడు ఏదీ మరిచిపోవు. కొండ టవర్ దారి తెగితే ఆ వైపు స్తంభాలకు కూత అందదు. స్క్రీన్ మీద పంపినట్టే పడుతుంది. బావకు వెంటనే చెప్పు, గడువు ముప్పై పెట్టమను. అయిదు వద్దు, పది వద్దు, ముప్పై. సోమక్కను ఇప్పుడే పైకి రమ్మను. వినకపోతే చెయ్యి పట్టుకుని లాక్కురా.

నీ ఫోన్ కలవడం లేదు. బావది కూడా కలవడం లేదు. ప్రాజెక్టు ఆఫీసు నంబరు ఎవరూ ఎత్తడం లేదు. ఈ మెయిల్ చూడగానే ఏదో ఒకటి రాయి. నేను కారు తీస్తున్నాను.

ఉరుకుందు


మైదుకూరు దగ్గర
2024 నవంబర్ 13

అక్కా,

రోడ్డు మీద నీళ్లు పోతున్నాయి, పోలీసులు బండ్లన్నీ ఆపేశారు. పొద్దునుంచీ ఇక్కడే ఉన్నాను. కడపలో తెలిసినవాళ్లకు ఫోన్ చేశాను, వాళ్లకూ మీ వైపు ఫోన్లు పోవడం లేదు. నువ్వు జూలైలో బావకు ఏం చెప్పావక్కా? ఆ మార్పు సంగతి చెప్పావా, లేదా? చెబితే ఆయనెందుకు చేయలేదు?

తర్వాత అడగాల్సిందిలే ఇది. ముందు సోమక్కను పైకి తెచ్చావని రాయి.

ఉరుకుందు


దిగువ రేగడిపల్లె
2024 నవంబర్ 20

ఉరుకుందూ,

నీ రెండు మెయిళ్లూ ఒకేసారి వచ్చాయి, కరెంటు వచ్చిన రోజు. అప్పటికి అన్నీ అయిపోయాయి.

పదమూడో తారీఖు పొద్దున, మామూలుగా అయితే పిల్లలు బడికి వచ్చే వేళకు గేట్లు ఎత్తారు. మీ బావ మీట నొక్కాడు. అయిదు ఊళ్లకూ పంపినట్టు స్క్రీన్ మీద పడింది. నాలుగు ఊళ్లలో హూటర్లు కూశాయి. వాటిని పెట్టెలు కాలువ గట్టు దారిలో గుర్తుపెట్టుకున్నాయి. మా ఊరిది ఒక్కటే కొండ టవర్ దారిలో గుర్తుండిపోయింది. టవర్ మీది సిగ్నల్ డబ్బా గాలికి పక్కకు తిరిగిపోయిందని తర్వాత తెలిసింది. రెండో దారి బాగానే ఉంది, దాంట్లోకి పెట్టె పంపలేదు. మా ఊరి స్తంభం జవాబివ్వలేదని చూసి ఆయన మళ్లీ నొక్కాడు, మళ్లీ నొక్కాడు. ప్రతిసారీ కొండ వైపే పోయింది. తర్వాత బైకు తీసుకుని పరిగెత్తాడు. వచ్చేసరికి వంక రోడ్డు మీదికి ఎక్కింది.

సోమక్క మర్నాడు దొరికింది, కింద తోట కంచెకు చిక్కుకుని. మేకలు కట్టేసినవి కట్టేసినట్టే పోయాయి. మొగుడు బియ్యానికి ఊళ్లోకి రావడంతో మిగిలాడు. సెలవు ఇవ్వకుండా ఉంటే ఆమె ఆ వేళకు బడిలో పొయ్యి ముట్టిస్తూ ఉండేది. వారం నుంచి ఈ ఒక్క మాటే నా నోట్లో తిరుగుతోంది.

నువ్వడిగినదానికి జవాబు రాస్తాను. నేను సగమే చెప్పాను. బాగుందన్నాడని చెప్పాను, పేరు పెట్టుకోమన్నాడని చెప్పాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూశాక, కానీ ఒక తప్పుందంట అనే మాట నా నోటికి రాలేదు. చిన్న మార్పు, పెద్దదేం కాదు అని నువ్వే రాశావు గదా, తీరిగ్గా చెబుదాంలే అనుకున్నాను. లెక్కల టీచర్ని. పదిని పదిహేనుతో భాగిస్తే ఏమొస్తుందో నాకు తెలియదా? తెలిసీ, అది ఒక మనిషి ప్రాణమని తట్టలేదు. తర్వాత మరిచేపోయాను.

మొన్న ఆయనకు నీ జూలై మెయిల్ చూపించాను. తిడతాడనుకున్నాను. రెండుసార్లు చదివి, ల్యాప్‌టాప్ మూసేశాడు. "ఇది లిస్టులోనే రాసింటే ఏమయితాండె?" అన్నాడు. "నాకు కోపం వస్తాండె. ఇంగో ఆర్నెల్లు మీ ఇంటికి రాకుంటి. అంతే గదా" అన్నాడు. నీ మీదా అరవలేదు, నా మీదా అరవలేదు. విచారణ అధికారుల ముందు తప్పంతా తనదేనని రాసిచ్చి వచ్చాడు.

సోమక్క మొగుడు నిన్న బడికి వచ్చాడు. నేను కుర్చీ వేస్తే కూర్చోలేదు. "మీ తమ్ముడు సూసినాడంటిరి గదా మేడమ్. ఆయప్ప ఏం సూసినాడు?" అని అడిగాడు. కోపంగా అడగలేదు, తెలియక అడిగాడు. నేను ఆయన ముందర నిలబడలేక క్లాసులోకి పోయాను. నువ్వు వచ్చి చెప్పు. నా వల్ల కాదు.

స్వర్ణ


కల్లూరు
2024 నవంబర్ 24

అక్కా,

ఆ రోజు మైదుకూరులో దారి తెరవక వెనక్కి మళ్లాను, ఎల్లుండి వస్తున్నాను. నేరుగా ఆయన దగ్గరికే పోతాను. ఏం చూశావని అడిగితే, తప్పు చూశానని, చూసి కూడా చెప్పాల్సిన చోట చెప్పలేదని చెబుతాను. ఆయన ఏమన్నా పడతాను.

నువ్వు సగం చెప్పావని బాధపడుతున్నావు. ప్రాణాలు తీసే దాన్ని చిన్న మార్పు అని రాసింది నేను. బావకే తట్టినట్టు చెప్పమన్నది నేను. పెద్దాయన అడిగితే తెరిచి చూడకుండా అవునన్నది నేను. లిస్టులో ఒక్క లైను రాసి ఉంటే ఆ దిద్దుబాటు అక్కడే ఆగిపోయేది. అమ్మకు విషయమంతా చెప్పాను. "నేనే గదప్పా వద్దంటి" అంది. అప్పటినుంచి సరిగా తినడం లేదు.

పన్నెండునే రాయాల్సింది, నీ మెయిల్ చూసిన రోజు లిస్టులో అందరికీ రాశాను. ఇది తప్పు, ఇది తప్పని నాకు జూలైలోనే తెలుసు, ఎవరూ వాడొద్దు అని. బావ ఆ మధ్యాహ్నమే కొత్తది పంపాడు. దాంట్లో ఇంకొక చోట తేడా కనపడింది. ఈసారి అక్కడే, అందరి ముందే, ఇది కూడా సరిగా లేదని రాశాను. సాయంత్రానికి సరిచేసి పంపాడు. ఒక్క మాట అదనంగా రాయలేదు. లైను లైనూ చూసి, పెట్టె మీద నడిపి చూసి, అప్పుడు పేరు పెట్టాను.

కానీ పాతది బయటికి పోయి నెల దాటింది. ఎవరెవరు ఎక్కించుకున్నారో తెలుసుకునే దారి లేదు. లిస్టు చదివేవాళ్లు కొందరే. మిగతావాళ్లు తీసుకుని పెట్టుకుంటారు, అంతే.

అక్టోబరు చివర్లో ఒకతను నాకు రాశాడు. ఏ దేశమో చెప్పలేదు. నది ఒడ్డున ఊళ్లకు హెచ్చరిక స్తంభాలు పెట్టామన్నాడు. 'మీ దిద్దుబాటుకు కృతజ్ఞతలు. మీ పేరు చూశాకే తీసుకున్నాం. మేము గడువు పది సెకన్లు పెట్టాం. ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ లేదు. మా వానలు డిసెంబరులో మొదలవుతాయి' అని. అప్పుడు ఆ పది నా కంటికి ఆనలేదు, చాలా సంతోషపడి, సంతోషమని జవాబు కూడా రాశాను.

మీ ఊరి సంగతి తెలిసినప్పటినుంచి ఆ అడ్రసుకు రోజూ రాస్తున్నాను. ఇంకా జవాబు రాలేదు.

ఉరుకుందు